పదహారు డబ్బాల ట్రెయిలర్ జెయింట్ వీల్: ఎత్తి దించేవాడి రివ్యూ

ఈ వీల్ ఎక్కితే ఎలా ఉంటుందో నన్ను అడక్కండి. రెండు సీజన్లలో దీన్ని 41 సార్లు నిలబెట్టాం, 41 సార్లు విప్పాం. డబ్బాలో కూర్చుని చుట్టు తిరిగింది మాత్రం ఒక్కసారే. అదీ ఇరుసు దగ్గర కిర్రుమంటున్నది ఎడమ బేరింగో కుడి బేరింగో తేల్చుకోవడానికి. పైకి వెళ్ళాక చుట్టూ ఏం కనిపించిందో గుర్తులేదు, చెవి ఇరుసు మీదే ఉంది. (ఎడమదే. గ్రీజు వెళ్ళే గొట్టం మూసుకుపోయింది.)

17 ఏళ్ళుగా ఊరూరా తిరిగే కార్నివాళ్ళలోనే నా బతుకు. మొదట బోల్టులు అందించే కుర్రాణ్ణి, తర్వాత ఫిట్టర్‌ని, ఇప్పుడు ఈ వీల్‌కి మేస్త్రీని. కొన్నది ఓనరు, మోస్తున్నది మేం. అందుకే ఈ రివ్యూలో రంగులు, లైట్ల డిజైన్లు, జనం అరుపుల గురించి పెద్దగా ఉండదు. కంపెనీ పేరు కూడా రాయడం లేదు. తిట్టాల్సినవన్నీ వాళ్ళకే మూడు పేజీల ఉత్తరంలో రాసి పంపాను, సగానికి జవాబు వచ్చింది. ఇదే తరహా వీల్స్ చేసే కంపెనీలు చాలా ఉన్నాయి. మీరు దేన్ని కొన్నా ఇవే చోట్ల చూడాలి కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు పాత వీల్ సంగతి చెప్పాలి, లేకపోతే దీని విలువ తెలియదు. అది నేల మీద ముక్క ముక్కగా కట్టేది. అడుగు దూలాలు పరిచి, రెండు స్తంభాలు లేపి, వాటి మధ్య ఇరుసు ఎక్కించి, ఆకులు (ఇరుసు నుంచి అంచుదాకా వెళ్ళే ఊచలు) ఒక్కొక్కటిగా బోల్టులతో బిగించాలి. ఒక ఆకు పెట్టగానే చక్రం అటు తూగుతుంది. వెంటనే దానికి ఎదురుది పెట్టాలి. ఎదురుది పెట్టేదాకా ఇద్దరు తాడు పట్టుకుని నిలబడాలి, తాడు జారిందంటే ఆకు వచ్చి తలకి తగులుతుంది. తొమ్మిది మందికి 14 గంటలు పట్టేది. నా ఎడమచేతి ఉంగరం వేలి గోరు ఇప్పటికీ వంకరగా పెరుగుతోందంటే ఆ వీల్ పుణ్యమే.

ఈ కొత్తది ఐదుగురితో 3 గంటల 40 నిమిషాల్లో నిలబడుతుంది. మొదటిసారి ఐదున్నర గంటలు పట్టింది, అందులో గంట మాన్యువల్ తిరగేయడానికే పోయింది. మనుషుల గంటల్లో లెక్కేస్తే పాతదానికి 126, దీనికి 18. బ్రోచర్‌లో కంపెనీ రాసుకున్నది 'మూడు గంటలు' అని. గట్టి నేల, ఎండ, పని తెలిసిన జట్టు, చేతిలో ఫోన్ లేని కుర్రాళ్ళు, ఈ నాలుగూ ఒకే రోజు దొరికితే మూడు గంటల్లో అవుతుందేమో.

మొట్టమొదటి పెద్ద వీల్ 1893లో షికాగోలో ఫెర్రిస్ కట్టినది. ఎత్తు 80 మీటర్లు, 36 పెట్టెలు. దాన్ని కూడా విప్పి వేరే చోట కట్టారు, ఒకసారి కాదు, రెండుసార్లు. చివరికి 1906లో డైనమైట్ పెట్టి కూల్చేశారు. ఎప్పుడు గుర్తొచ్చినా నాకు దాన్ని కట్టినవాళ్ళ కంటే విప్పినవాళ్ళ మీదే జాలేస్తుంది. మా పనికి అసలు పెద్దదిక్కు సల్లివన్ అనే ఆయన. ఆ షికాగో వీల్ ఎక్కి చూసి, ఊళ్ళు తిప్పగలిగే చిన్న వీల్ తయారుచేసి 1900లో ఇల్లినాయ్‌లోని జాక్సన్‌విల్‌లో నడిపాడు. ఆయన వంతెనలు కట్టే మనిషి. ఆయన పెట్టిన కంపెనీ పేరులో ఇప్పటికీ 'బ్రిడ్జ్' అనే మాట ఉంది. ముక్కలుగా మోసుకొచ్చి, ఉన్నచోటే కలిపి, మళ్ళీ విప్పడానికి వీలుగా ఆలోచించడం వంతెన మనిషికి అలవాటై ఉంటుంది. ఈ రోజు వీల్ గీసే ఇంజనీర్లు కూడా ఒక్క సీజన్ మాతో తిరిగితే బాగుండును. ఎందుకో కింద చెప్తాను.

సరే, వీల్ దగ్గరికి వద్దాం. రెండు ట్రెయిలర్ల మీద వస్తుంది. మొదటిదాని మీద మడతపెట్టిన స్తంభాలు, ఇరుసు, గొడుగు ఊచల్లా ముడుచుకున్న 32 ఆకులు (పక్కకి 16). రెండోదాంట్లో డబ్బాలు, అంచు ముక్కలు, మెట్లు, కంచె, కేబుళ్ళు, జాకీల కింద పెట్టే చెక్క దిమ్మలు. మొదటి ట్రెయిలరే వీల్‌కి పునాది. కాబట్టి ట్రెయిలర్ ఎక్కడ ఆగిందో వీల్ అక్కడే. డ్రైవరు ఒక మీటరు అటు ఆపితే, అన్నీ బిగించాక గానీ పైనున్న కరెంటు తీగ సంగతి గుర్తుకు రాదు. నేను ముందుగా తల పైకెత్తి నడుస్తాను, తర్వాతే నేల చూస్తాను. మట్టి మీద సున్నంతో గీత గీసి, డ్రైవర్‌కి 'ఈ గీత మీద నీ ముందు టైరు' అని చెప్పాకే బండి లోపలికి.

ఇక్కడే మొదటి ఫిర్యాదు. ఆరు జాకీలకి కంపెనీ ఇచ్చిన అడుగు పళ్ళేలు 30 సెంటీమీటర్ల చదరాలు. వీల్ మొత్తం బరువు జనం లేకుండా 24 టన్నులు. ఆరు జాకీలూ సమంగా పంచుకున్నా ఒక్కోదాని మీద నాలుగు టన్నులు. 900 చదరపు సెంటీమీటర్ల మీద నాలుగు టన్నులంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 4.4 కిలోలు. మెత్తటి నేల దీన్ని మోయదు. అదే 60 సెంటీమీటర్ల చదరపు చెక్క వేస్తే 1.1 కిలోలకి దిగుతుంది. నాలుగో తరగతి లెక్క. మరి ఆ పళ్ళేలు అంత చిన్నవి ఎందుకు చేశారు? రవాణాలో బయటికి పొడుచుకురాకుండా ఉంటాయని జవాబొచ్చింది. మేం మా సొంతంగా గట్టి కర్రతో అడ్డంగా, నిలువుగా రెండు వరసలు పేర్చిన దిమ్మలు చేయించుకున్నాం.

అవి చేయించుకోకముందు ఏమైందో చెప్తాను. మొదటి సీజన్‌లో ఒకచోట మధ్యాహ్నం దాకా ఎండ, సాయంత్రం గంటసేపు వాన. వాన ఆగాక జనం వచ్చారు, వీల్ తిరుగుతోంది. ఎనిమిదిన్నరకి నేను అలవాటు కొద్దీ ట్రెయిలర్ మీద రసమట్టం పెట్టి చూస్తే బుడగ గీత దాటి ఉంది. వెనక కుడి జాకీ రెండు సెంటీమీటర్లు దిగింది. రెండు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ అడుగు వెడల్పు 6 మీటర్లు, ఎత్తు 20 మీటర్లు. కింద రెండు దిగితే పైన దాదాపు ఏడు సెంటీమీటర్లు ఒరిగినట్టు. పైగా అది ఇంకా దిగుతోందో ఆగిందో తెలియదు. టికెట్లు ఆపమన్నాను. దించడం కూడా తొందరగా వరసగా దించేయడానికి లేదు. ఒకవైపు డబ్బాలన్నీ ఖాళీ అయితే రెండోవైపు బరువుకి చక్రం లాగేస్తుంది. ఒక డబ్బా దింపితే తర్వాత దాని ఎదురుది దింపాలి. అలా పదహారూ ఖాళీ చేయడానికి 11 నిమిషాలు పట్టింది. ఓనరు నా ముఖం చూశాడు, వరసలో ఉన్న జనాన్ని చూశాడు, ఏమీ అనలేదు. ఆ రాత్రి వీల్ మళ్ళీ తిరగలేదు. ఆ పన్నెండు గంటల్లో నేను పడ్డ టెన్షన్ పాత వీల్‌తో పదేళ్ళలో పడలేదు. ఇప్పుడు రోజూ తెరిచే ముందు ఒకసారి, వాన పడితే ప్రతి గంటకీ బుడగ చూడ్డం నా పనే. కుర్రాళ్ళకి అప్పగించను.

స్తంభాలు లేపే పద్ధతి మాత్రం చాలా బాగుంది. హైడ్రాలిక్ సిలిండర్లు రెండు. ప్రతి సిలిండర్ మొదట్లోనే లాక్ వాల్వ్ ఉంది. గొట్టం పగిలినా నూనె వెనక్కి రాదు, స్తంభం పడిపోదు. పూర్తిగా లేచాక ఇనుప పిన్నులు నాలుగు దూరుస్తాం, అప్పుడు బరువు నూనె మీంచి ఇనుము మీదికి వస్తుంది. ఆ పిన్నులు దూరేదాకా కింద ఎవరూ తిరగకూడదు. దీనికి కంపెనీవాళ్ళు ట్రెయిలర్ పక్కన ఎర్ర గీత గీసి ఇచ్చారు. చిన్న విషయమే, కానీ నేను అరవాల్సిన అరుపులు సగం తగ్గాయి.

ఇంకో మంచి పని చేశారు. ప్యానెల్ మీద ఫేజుల వరస చూపించే దీపం పెట్టారు. ప్రతి ఊళ్ళో జనరేటరు వేరు, దాని వైర్లు కలిపే మనిషి వేరు. మూడు ఫేజుల్లో ఏ రెండు తారుమారైనా మోటారు వెనక్కి తిరుగుతుంది. వీల్ మోటారు వెనక్కి తిరిగితే నవ్వుకుని మార్చుకోవచ్చు. హైడ్రాలిక్ పంపు వెనక్కి తిరిగితే నూనె అందక కాసేపట్లో పంపే పోతుంది. పాత జట్టులో ఒకసారి అలాగే పంపు కాల్చుకుని, కొత్తది వచ్చేదాకా మూడు రోజులు ఖాళీ నేల మీద కూర్చున్నాం. ఇప్పుడు పచ్చదీపం వస్తేనే పంపు స్విచ్ పనిచేస్తుంది. ఎర్రది వస్తే రెండు వైర్లు అటూ ఇటూ మార్చడమే. ఎర్తింగ్ కడ్డీ కొట్టకుండా అసలు ప్యానెల్ తలుపే తెరవనివ్వను, అది వేరే సంగతి.

ఇక పిన్నులు. ఈ వీల్ గురించి ఒక్క పేరా మాత్రమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మొత్తం 208 పిన్నులు. అంచు ముక్కల దగ్గర 64, ఆకుల చివర 32, అడ్డగొట్టాలకి 32, డబ్బాలకి 32, మిగతావి స్తంభాలు, ఊతాలు, మెట్లకి. ప్రతి పిన్నుకీ చివర ఆర్ అక్షరం ఆకారంలో ఉండే స్ప్రింగు క్లిప్పు. బోల్టులు చాలా తక్కువ, ఇరుసు దగ్గర ఉన్నవి కూడా ఊరూరా విప్పేవి కావు. వాటి తలల మీద నట్టు దాటి ఇనుము మీదికి పసుపు పెయింటు గీత ఉంది. గీత తెగి కనిపించిందంటే నట్టు తిరిగిందని అర్థం. పిన్నుల పద్ధతి బోల్టుల కంటే మూడు రెట్లు వేగం, చీకట్లో కూడా చేతికి తెలుస్తుంది. ఇంతవరకు పదికి తొమ్మిది మార్కులు.

పోయిన ఆ ఒక్క మార్కు కథ ఇది. అంచు పిన్నులు 40 మిల్లీమీటర్లవి. అడ్డగొట్టాల పిన్నులు 38. పొడవు ఒకటే, తల ఒకటే, రంగు ఒకటే. 40ది 38 రంధ్రంలో దూరదు, పర్వాలేదు. కానీ 38ది 40 రంధ్రంలో హాయిగా దూరుతుంది, క్లిప్పు కూడా చక్కగా పడుతుంది, చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంటుంది. చక్రం తిరిగినకొద్దీ ఆ రెండు మిల్లీమీటర్ల ఖాళీలో పిన్ను అటూ ఇటూ కొట్టుకుని రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి తెస్తుంది. ఇది కాగితం మీద కనిపించదు, రాత్రి రెండింటికి కుర్రాడి చేతిలో కనిపిస్తుంది. మా రెండో బిగింపులోనే దొరికింది. ఒక అడ్డగొట్టానికి పిన్ను ఎంతకీ దూరడం లేదని కుర్రాడు సుత్తి తీశాడు. నేను ఆపి చూస్తే అది 40ది. అంటే దీని 38ది ఇంకెక్కడో 40 రంధ్రంలో ఉంది. 64 అంచు పిన్నులూ ఒక్కొక్కటి తీసి చూశాం. యాభై మూడోదాంట్లో దొరికింది.

ఆ తర్వాత 38 పిన్నులన్నింటి తలలూ నీలం రంగు వేశాం. తల మీద లేత్ మిషన్‌తో లోతుగా గాడి కూడా తీయిద్దామనుకున్నాను, కానీ కంపెనీని అడగకుండా పిన్ను మీద చెయ్యి పెట్టకూడదు. అడిగాను. గాడి వద్దన్నారు, తర్వాతి బ్యాచ్‌లో తల ఆకారమే మార్చి 32 పిన్నులు పంపారు. ఇది వాళ్ళకి గౌరవంగా చెప్పాల్సిన విషయం. పైసా అడగలేదు.

సుత్తి మాట వచ్చింది కాబట్టి: ఈ వీల్‌లో పిన్ను చేత్తో దూరాలి, లేదా చెక్కసుత్తితో రెండు చిన్న దెబ్బలకి దూరాలి. అంతకంటే బలం కావాలంటే తప్పు పిన్నుది కాదు, అడుగు మట్టం తప్పింది. వెనక్కి వెళ్ళి జాకీలు చూసుకోవాలి. కుర్రాళ్ళకి ఇది చెప్తే వింటారు గానీ నమ్మరు. చేసిన నలభై నిమిషాల పని వదిలి వెనక్కి వెళ్ళడం ఎవరికిష్టం?

క్లిప్పుల విషయంలో కంపెనీ ఆలోచన మంచిదే, వస్తువు నాసిరకం. ప్రతి క్లిప్పూ సన్నటి గొలుసుతో పిన్నుకి కట్టి ఉంటుంది, పోగొట్టుకోకుండా. మొదటి సీజన్ అయ్యేసరికి సగం గొలుసులు తెగిపోయాయి. తెగిన గొలుసు ముక్క చేతితొడుగులో గుచ్చుకునేది. చివరికి అన్నీ పీకేసి ఒక ప్లైవుడ్ పలక మీద 208 మేకులు కొట్టి, నంబర్లు వేసి, విప్పిన ప్రతి క్లిప్పూ అక్కడే తగిలిస్తున్నాం. ఇది అనుకోకుండా గొలుసు కంటే మేలైంది. వీల్ బిగించాక పలక పూర్తిగా ఖాళీగా ఉండాలి. ఒక్క క్లిప్పు మిగిలినా ఎక్కడో ఒక పిన్ను క్లిప్పు లేకుండా ఉన్నట్టే, దాని నంబరు కూడా అక్కడే ఉంటుంది. స్పేర్ క్లిప్పులు మాత్రం తాళం వేసిన డబ్బాలో నా దగ్గర. అవి కుర్రాళ్ళ జేబుల్లో ఉంటే పలకకి అర్థం లేదు.

డబ్బాలు తగిలించడానికి వరస ఉంది: 1 తర్వాత 9, తర్వాత 5, 13, ఆపైన 3, 11, 7, 15, తర్వాత సరిసంఖ్యలు అదే పద్ధతిలో. ఎప్పుడూ ఎదురెదురుగా. ఈ వరసని కంపెనీవాళ్ళు మాన్యువల్‌లో 63వ పేజీలో రాశారు. అక్కడ కాదు, మోటారు స్విచ్ పక్కన రాయాలి. మేం రాసుకున్నాం.

మాన్యువల్ బొమ్మలు గొప్పగా ఉన్నాయి, ప్రతి ముక్కా విడదీసి చూపించారు. మాటలు మాత్రం ఎవరో నిద్రమత్తులో అనువాదం చేసినట్టున్నాయి. ఏ ముక్క బరువెంతో ఎక్కడా లేదు. మేం తూచి పెయింటుతో రాసుకున్నాం. అడ్డగొట్టం 22 కిలోలు, అంచు ముక్క 38. 22 ఒక్కడు మోస్తాడు, 38 ఇద్దరు మోయాలి. రాసి ఉంటే వాదన ఉండదు. రాసి లేకపోతే కొత్తగా వచ్చిన కుర్రాడు తన బలం చూపించడానికి ఒక్కడే ఎత్తుతాడు, మర్నాడు నడుం పట్టుకుని కూర్చుంటాడు.

తుప్పు గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. 2017 జూలైలో అమెరికాలో, ఒహాయో రాష్ట్రపు పెద్ద ప్రదర్శనలో, మొదటిరోజే ఒక రైడ్ చేయి గాల్లో విరిగిపోయింది. ఒకరు చనిపోయారు, ఏడుగురు గాయపడ్డారు. అది తనిఖీ అయి తెరిచిన రైడ్. డబ్బాని మోసే దూలం లోపలివైపు తుప్పు తిని, గోడ మందం తగ్గిపోయిందని దాన్ని తయారుచేసిన కంపెనీ తర్వాత చెప్పింది. బయట పెయింటు బాగానే ఉంటుంది, లోపల ఇనుము ఉండదు. అప్పట్నుంచి బోలు గొట్టం కనిపిస్తే నీళ్ళు ఎటు పోతాయని చూడ్డం నాకు జబ్బులా పట్టుకుంది. ఈ వీల్ ఆకుల చివర నీళ్ళు కారిపోయే రంధ్రాలున్నాయి, శుభ్రంగా ఉన్నాయి. డబ్బాలు వేలాడే గొట్టాలకి మాత్రం రెండువైపులా మూతలు వెల్డింగ్ చేసేశారు, రంధ్రం లేదు. నీళ్ళు లోపలికే పోవని వాళ్ళ ధైర్యం. మేమే డ్రిల్లుతో రంధ్రం వేద్దామని ఫిట్టర్ అన్నాడు. 'నీ చేత్తో రంధ్రం వేస్తే పగులు అక్కడే మొదలవుతుందిరా, ముందు అడుగు' అన్నాను. అడిగితే ఐదు వారాల తర్వాత జవాబు: రంధ్రం వద్దు, ఏడాదికోసారి అల్ట్రాసోనిక్ మీటరుతో గోడ మందం కొలవండి, ఇంతకంటే తగ్గితే ఆపేయండి అని అంకెతో సహా ఇచ్చారు. జవాబు బాగుంది. ఐదు వారాలు బాగోలేదు. ఆ ఐదు వారాలూ ప్రతి ఊళ్ళో ఆ గొట్టాలని సుత్తి చివరతో తట్టి చెవి పెట్టి వింటూ గడిపాను. దానివల్ల ఏం తెలుస్తుందని అడిగితే, ఏమీ తెలియదు, కానీ తట్టకుండా ఉండలేకపోయాను.

లైట్లు ఎల్ఈడీలు. పాత వీల్‌కి ప్రతి మకాంలో యాభై అరవై బల్బులు పగిలేవి, దీనికి రెండేళ్ళలో పోయినవి నాలుగు పట్టీలు. కనెక్టర్లలోకి నీళ్ళు వెళ్తాయి, మూత పెట్టడం మర్చిపోవద్దు. ఇంతకంటే లైట్ల గురించి చెప్పడానికేం లేదు.

అసలు పరీక్ష విప్పే రాత్రి. బిగించేటప్పుడు పగలు, అందరూ నిద్రపోయి లేచినవాళ్ళు, పైగా తెరిచే సమయం రేపు. విప్పేటప్పుడు అలా కాదు. పొద్దున్నుంచీ రైడ్ నడిపిన మనుషులే రాత్రి పదకొండుకి చేతితొడుగులు వేసుకుంటారు. తర్వాతి మకాం పిలుస్తూ ఉంటుంది. మంచు పడి ఇనుము తడిగా ఉంటుంది. తలకి కట్టుకున్న లైటు వెలుగు ఎంతమేర పడితే లోకం అంతే. ఇలాంటప్పుడు డిజైన్ చేసినవాడు మన గురించి ఎంత ఆలోచించాడో బయటపడుతుంది.

ఈ వీల్ ఆ పరీక్షలో ఎక్కువభాగం నెగ్గింది. 2 గంటల 50 నిమిషాల్లో విప్పేస్తాం. ఆకులు గొడుగులా ముడుచుకుంటాయి, చేతి వించ్ చాలు. స్తంభం దిగేటప్పుడు ఒకే వేగంతో దిగుతుంది, హఠాత్తుగా జారదు. డబ్బాలకి పట్టుకునే చోట్లు సరైన ఎత్తులో ఉన్నాయి, నాలాంటి పొట్టివాడికి కూడా. గాలి సంగతి కూడా మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది: సెకనుకి 15 మీటర్లు దాటితే జనాన్ని దించేయాలి, 10 దాటితే స్తంభాలు లేపడం గానీ దించడం గానీ చేయకూడదు. ఒక రాత్రి డబ్బాలన్నీ విప్పాక గాలి 12కి వచ్చింది. ఖాళీ చక్రం కింద తెల్లారేదాకా కూర్చున్నాం. డ్రైవరు నాలుగుసార్లు వచ్చి 'బాబాయ్, తగ్గిందిగా' అన్నాడు. గాలిమీటరు 9 చూపించేసరికి ఐదున్నర. తర్వాతి చోట ఒకరోజు ఆలస్యంగా తెరిచాం, ఓనరు నష్టపోయాడు, నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇక ఓడిపోయిన చోటు. రెండో ట్రెయిలర్ సర్దిన పద్ధతి ఎవరు ఆలోచించారో గానీ, ఆ మనిషి జీవితంలో ఇల్లు కూడా మారలేదనిపిస్తుంది. చివర విప్పేవి చెక్క దిమ్మలు, కంచె. తర్వాతి చోట ముందు కావాల్సినవీ అవే. అంటే తలుపు దగ్గర ఉండాలి, చివర ఎక్కి ముందు దిగాలి. వీళ్ళు దిమ్మల పెట్టెని ట్రెయిలర్ లోపల ఆ చివర, డబ్బాల వెనక పెట్టారు. దిమ్మలు కావాలంటే పదహారు డబ్బాలూ దించాలి. డబ్బాలు దించితే అవి పెట్టే చోటు లేదు, ఎందుకంటే వీల్ ఇంకా నిలబడలేదు. మొదటి మూడు మకాంలు ఇలాగే డబ్బాలు మట్టిలో దింపుకుని, వాటి మధ్య దారి చేసుకుని పనిచేశాం. నాలుగోసారి ఓనర్‌ని ఒప్పించి ట్రెయిలర్ పొట్ట కింద దిమ్మలకి వేరే పెట్టె కట్టించాం. కంచె ఇప్పుడు తలుపు పక్కన హుక్కులకి వేలాడుతుంది. ఈ ఒక్క మార్పుతో నలభై నిమిషాలు మిగిలాయి. మూడు గంటల బ్రోచర్‌కి మేం దగ్గరగా వెళ్ళింది దీనివల్లే, వాళ్ళవల్ల కాదు.

కంచె అంటే గుర్తొచ్చింది: విప్పేటప్పుడు కంచె ముందు తీసేయాలని కుర్రాళ్ళకి తొందర, దారి సుఖంగా ఉంటుందని. తీయనివ్వకండి. కార్నివాల్ మూసేశాక కూడా ఎవరో ఒకరు ఫోటో కోసం స్తంభం దాకా నడిచి వస్తారు, పైన మనవాడి చేతిలో పిన్ను ఉంటుంది.

విడిభాగాలు తొమ్మిది నుంచి ఇరవై రోజుల్లో వచ్చాయి. బేరింగ్‌లు, సీళ్ళు మామూలు సైజులే, బయట దొరుకుతాయి. పిన్నులు మాత్రం బయట చేయించకండి. చూడ్డానికి ఒకేలా ఉన్న మెత్తటి ఇనుము పిన్ను ఒక సీజన్ కూడా నిలవదు, అసలు పిన్నులకి వేడిచేసి గట్టిపరిచిన ఉక్కు వాడతారు. లాగ్ పుస్తకం ఇచ్చారు, పేజీలు నూనె చేతులకి తట్టుకుంటాయి. ఎవరు ఏ పిన్ను చూశారో సంతకం పెట్టే గడి ఉంది. మొదట్లో కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. ఇప్పుడు నేను మర్చిపోతే వాళ్ళే పుస్తకం తెచ్చి చేతిలో పెడుతున్నారు.

పక్క కార్నివాల్‌లో పనిచేసే ఒక మేస్త్రీ ఇదే వీల్ కొనమని తన ఓనరుకి చెప్పాలా వద్దా అని అడిగాడు. కొనమన్నాను, మూడు షరతులతో: తల ఆకారం మార్చిన కొత్త పిన్నులు వచ్చాయో లేదో చూసుకో, పళ్ళేలు నమ్మక దిమ్మలు చేయించుకో, డబ్బు కట్టేముందే రెండో ట్రెయిలర్‌లో దిమ్మల పెట్టె చోటు మార్పించు. ఒకసారి చూడ్డానికి వస్తానన్నాడు, ప్రారంభం రోజు సాయంత్రం లైట్లు వెలిగాక. వద్దన్నాను. ఆఖరి రోజు రాత్రి పదకొండుకి రా అన్నా, చేతితొడుగులు తెచ్చుకో, మా దగ్గర నీ సైజువి లేవు.